డిజైనర్లు నిజంగా ఆ ఐదు దశల ప్రకారమే పనిచేస్తారా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దండి. కోర్సులో డిజైన్ ప్రాసెస్ అంటే ఐదు దశలని నేర్పారు: వాడేవాళ్ళను అర్థం చేసుకోవడం, సమస్యను తేల్చుకోవడం, ఐడియాలు, ప్రోటోటైప్ (చేసి చూసుకునే తొలి నమూనా), పరీక్ష. పనిలో కూర్చుంటే ఏదీ ఆ వరసలో రావడం లేదు. మొదటిరోజే ఒక ఐడియా తట్టేస్తుంది, చివరిదాకా దాన్నే అటూ ఇటూ తిప్పి గీస్తున్నారు. మధ్యలో ఎక్కడో చిక్కుకుపోతున్నారు. "ఇది నాలో లోపమా, లేక అందరూ ఇలాగే చేసి, తర్వాత దశల ప్రకారం చేశామని చెప్పుకుంటారా?" అని అడిగారు. చివర్లో, పనిని ఎక్కడ ఆపాలో కూడా అడిగారు.

రెండోదే నిజానికి దగ్గర. నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, మొదట ప్రింట్, తర్వాత యాప్‌లు, ఇప్పుడు రెండూ. ఒక్క ప్రాజెక్టు కూడా దశల బొమ్మలో ఉన్నట్టు నడవలేదు. కానీ ప్రెజెంటేషన్‌లో మాత్రం ప్రతిసారీ ఆ బొమ్మ పెట్టాను. అది మోసమేమీ కాదు. బ్రిటన్‌లోని డిజైన్ కౌన్సిల్ అనే సంస్థ 2005 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన 'డబుల్ డైమండ్' కూడా అలాంటి బొమ్మే, రెండు వజ్రాల ఆకారం పక్కపక్కన: ముందు విస్తరించి వెతుకు, తర్వాత ఒకదాని మీదికి రా, మళ్ళీ విస్తరించు, మళ్ళీ కుదించు. క్లయింట్‌కి 'ఇప్పుడు ఎక్కడున్నాం' అని చూపించడానికి, 'ఈ రెండు వారాలు బొమ్మలేవీ రావు, కంగారుపడకండి' అని నచ్చజెప్పడానికి అది చక్కగా పనికొస్తుంది. మన బుర్ర లోపల ఏం జరుగుతుందో మాత్రం అది చెప్పదు.

లోపల జరిగేదాన్ని పరిశీలించినవాళ్ళు ఉన్నారు. బ్రయాన్ లాసన్ అనే పరిశోధకుడు 1970లలో ఆర్కిటెక్చర్ విద్యార్థులకూ సైన్స్ విద్యార్థులకూ ఒకే పజిల్ ఇచ్చాడు. రంగుల దిమ్మెలు పేర్చి బయటి గోడల మీద ఒక రంగు వీలైనంత ఎక్కువ కనపడేలా చేయాలి. అందులో బయటికి చెప్పని నియమం ఒకటి ఉంటుంది. సైన్స్ వాళ్ళు ముందు ఆ నియమం ఏమిటో కనిపెట్టాలని రకరకాల కలయికలు ప్రయత్నించారు. ఆర్కిటెక్చర్ వాళ్ళు మంచిదనిపించిన పరిష్కారాన్ని పేర్చేసి 'ఇది కుదురుతుందా?' అని అడిగారు, కాదంటే ఇంకోటి పేర్చారు. అంటే పరిష్కారం ప్రతిపాదించడమే వాళ్ళకు సమస్యను అర్థం చేసుకునే పద్ధతి. దాదాపు అదే కాలంలో, 1979లో, జేన్ డార్క్ అనే పరిశోధకురాలు బ్రిటన్‌లో ప్రభుత్వ గృహాలు కట్టిన ఆర్కిటెక్టులతో మాట్లాడి చూస్తే వాళ్ళు కూడా అన్ని వివరాలూ పోగయ్యేదాకా ఆగలేదు. చాలా ముందే ఒక చిన్న ఆలోచనను పట్టుకుని, దాని ఆధారంగా మిగతా సమస్యను తవ్వుకుంటూ పోయారు.

కాబట్టి మొదటిరోజే ఐడియా తట్టడం లోపం కాదు. దాన్ని జవాబు అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. మొదటి ఐడియా ఆరా తీయడానికి పంపే మనిషి లాంటిది. వెళ్ళి ఏం తెలుసుకొచ్చిందో వినాలి గానీ దాన్నే అక్కడ కాపురం పెట్టించకూడదు.

నేను కాపురం పెట్టించిన కథ ఒకటి చెప్తాను. మీరు అడిగినవాటిలో సగానికి జవాబు ఇందులోనే ఉంది.

కొన్నేళ్ళ క్రితం రక్తపరీక్షలు చేసే ఒక సెంటర్ వాళ్ళు (పేరు అవసరం లేదు) వచ్చారు. బ్రీఫ్ (ఏం కావాలో క్లయింట్ చెప్పేది) మొత్తం ఒకటే వాక్యం: యాప్ హోమ్ పేజీ పాతబడింది, కొత్తగా చేయండి. ఎందుకని అడిగితే, రిపోర్టులు యాప్‌లో పెడుతున్నా జనం మళ్ళీ కౌంటర్ దగ్గరికే వచ్చి కాగితం తీసుకుంటున్నారు, అంటే యాప్ ఆకట్టుకోవడం లేదు అని వాళ్ళ లెక్క. నేను ఆ లెక్కను గట్టిగా అడగలేదు. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో ఒక హోమ్ పేజీ వచ్చేసింది. పెద్ద కార్డులు, మెత్తని రంగులు, వేలితో జరిపితే కదిలే రిపోర్టులు. మూడు వారాలు దాన్ని నిగనిగలాడేలా చేశాను. చూపించినరోజు అందరూ 'బాగుంది' అన్నారు. ఆ 'బాగుంది'లో ఉత్సాహం లేదని నాకు ఇంటికెళ్ళాక తట్టింది. వారం తర్వాత 'ఎక్కడో ఏదో తగ్గింది' అని మెయిల్. ఏం తగ్గిందో వాళ్ళకూ తెలీదు, నాకూ తెలీదు.

అప్పుడు చేశాను మొదటిరోజు చేయాల్సిన పని. రెండు మధ్యాహ్నాలు ఆ కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సర్వే లేదు, ఫారం లేదు, ఒక చిన్న నోట్‌బుక్. చాలామంది యాప్ తెరిచి ఉన్న ఫోన్ చేతిలో పట్టుకునే వచ్చి కాగితం అడుగుతున్నారు. అంటే యాప్ దొరకలేదనో నచ్చలేదనో కాదు. ఒక పెద్దావిడను అడిగాను. "ఫోన్‌లో ఉంది బాబూ, కానీ డాక్టర్ గారు కాగితమే చూస్తారు" అంది. తర్వాత ఒక డాక్టర్‌ని కలిసి అడిగాను. ఆయన జవాబు ఇంకా సూటిగా ఉంది: "తొమ్మిది పేజీల పీడీఎఫ్ చిన్న తెర మీద జరుపుకుంటూ, పోయినసారి ఎంత ఉందో ఇంకో ఫైల్ తెరిచి వెతుక్కునే టైమ్ నాకెక్కడిదండీ? కాగితమైతే రెండూ పక్కపక్కన పెట్టుకుంటాను."

అంతే, హోమ్ పేజీ ఎగిరిపోయింది. అసలు ప్రశ్న యాప్‌ది కాదు, డాక్టర్ గదిది. 'పోయినసారికీ ఈసారికీ తేడా అర నిమిషంలో డాక్టర్ కంట పడాలంటే ఏం ఉండాలి?' అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యం దొరకడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. దొరక్కముందు మూడు వారాలు పోయాయి.

సమస్యను తేల్చుకోవడం అంటే ఇదే. కోర్సులో దీనికి ఒక పూట కేటాయిస్తారు. నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది. బ్రీఫ్ వచ్చాక దాన్ని నా మాటల్లో ఐదారు రకాలుగా తిరగరాస్తాను. ఎవరికి ఇబ్బంది, ఏ క్షణంలో, ఏ చోట, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు. 'నెట్టుకొస్తున్నారు' అన్నది ముఖ్యం. జనం వేసుకున్న అతుకుల్లో (గోడకు అంటించిన చీటీ, ఫోన్ కవర్లో దాచిన కాగితం, కంపెనీ ఫారం మీద పెన్నుతో గీసిన అదనపు గడి) సమస్య అచ్చంగా కనపడుతుంది. ఇక సమస్యను సరిగ్గా రాశానా లేదా అని చూసుకోవడానికి నాకు ఒకే పరీక్ష: ఆ వాక్యం చదివి, ఏదైనా ఒక పరిష్కారానికి 'ఇది కాదు' అని చెప్పగలగాలి. 'అనుభవాన్ని మెరుగుపరచాలి' లాంటి వాక్యం దేన్నీ కాదనదు. దానితో ఏమీ చేయలేం.

సమస్యను తిప్పి రాసినందుకు బొమ్మే మారిపోయిన ఉదాహరణల్లో నాకు ఎప్పటికీ నచ్చేది లండన్ అండర్‌గ్రౌండ్ రైలు పటం. అంతకుముందు పటాలు చాలావరకు భూమి మీద స్టేషన్లు నిజంగా ఎక్కడున్నాయో అలాగే చూపించేవి. నగరం మధ్యలో ఇరుకు, శివార్లలో తెల్లకాగితం. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో దాన్ని ఇంకోలా చూశాడు. భూమి కింద ఉన్నవాడికి పైన ఏ వీధి ఉందో ఎందుకు? ఏ స్టేషన్లో మారాలి, ఇంకా ఎన్ని ఉన్నాయి, అంతే కావాలి. నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు గీతలు తప్ప ఇంకేవీ లేకుండా, స్టేషన్ల మధ్య దూరం దాదాపు సమానంగా పెట్టి, కరెంటు సర్క్యూట్ బొమ్మలా గీశాడు. మొదట తిప్పికొట్టారు, మరీ విపరీతంగా ఉందని. 1933లో అచ్చువేసి ఇస్తే జనం చేతుల్లోకి వెళ్ళిపోయింది. బెక్ అందంగా గీశాడని కాదు, 'పటం ఎలా ఉండాలి' అనే ప్రశ్నను 'ప్రయాణికుడికి ఏం తెలియాలి' అని మార్చుకున్నాడు. గీతలు ఆ తర్వాత వచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కుంది, మీరు తప్పకుండా అడుగుతారు: సమస్య పూర్తిగా తేలేదాకా గీయకూడదా మరి? కాదు. హార్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లోనే చెప్పారు, కొన్ని సమస్యలు పరిష్కరించడానికి ప్రయత్నిస్తేనే గానీ ఏమిటో పూర్తిగా చెప్పలేం అని. నా హోమ్ పేజీ కూడా గీసి చూపించబట్టే 'ఏదో తగ్గింది' అనే మాట వచ్చింది. నా తప్పు గీయడం కాదు, మూడు వారాలు గీయడం. అదే బొమ్మను పెన్సిల్‌తో ఒక గంటలో గీసి ఆ డాక్టర్‌కి చూపించి ఉంటే, ఆ జవాబే నాకు మొదటిరోజు దొరికేది.

ఇప్పుడు మీ అసలు బాధ, మొదటి ఐడియా వదలకపోవడం. దీనికి 'ఫిక్సేషన్' అని పేరుంది, మీ ఒక్కరి జబ్బు కాదు. 1991లో జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు డిజైన్ చేసేవాళ్ళకు ఒక పని ఇచ్చి, కొందరికి మాత్రం ముందుగా ఒక నమూనా చూపించారు. ఒలకని కాఫీ కప్పు పనిలోనైతే స్ట్రా పెట్టవద్దని ముందే చెప్పి కూడా, స్ట్రా ఉన్న నమూనానే చూపించారు. నమూనా చూసినవాళ్ళ బొమ్మల్లోకి ఆ స్ట్రా మళ్ళీ మళ్ళీ దూరింది. వద్దన్నదే చేశారు, చేస్తున్నామని తెలియకుండానే. చదువుకుంటున్నవాళ్ళే కాదు, పనిచేస్తున్న ఇంజనీర్లు కూడా ఇందులో పడ్డారు.

అందుకే నేను రిఫరెన్సులు, అంటే వేరేవాళ్ళు చేసిన డిజైన్లు, ఆలస్యంగా చూస్తాను. బ్రీఫ్ రాగానే పది వెబ్‌సైట్లు తెరిచి మూడ్‌బోర్డ్ (నచ్చిన బొమ్మలన్నీ ఒకచోట అంటించిన పలక) తయారుచేసే అలవాటు చాలామందికి ఉంది, నాకూ ఉండేది. అది పని మొదలుపెట్టినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి వేరేవాళ్ళ స్ట్రాలు ఏరుకోవడమే. ముందు నా చేత్తో గీస్తాను, తర్వాతే బయట చూస్తాను. ఇప్పుడు ఏఐ టూల్స్ ఒక నిమిషంలో పది స్క్రీన్లు నిగనిగలాడేలా ఇచ్చేస్తున్నాయి కదా, వాటి విషయంలో కూడా నాది ఇదే పద్ధతి. అవి చెడ్డవని కాదు. అంత పూర్తయినట్టు కనిపించే బొమ్మను చూశాక దాని నుంచి కన్ను తిప్పుకోవడం కష్టం. నేను ఇరవై గీసుకున్న తర్వాత వాటిని అడుగుతాను, నాకు తట్టనిది ఏమన్నా ఉందా అని.

ఇరవై ఎలా వస్తాయి? ఇందులో మర్మం ఏమీ లేదు. ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్ళు వస్తాయి. గడికొకటి, ఒక్కోదానికి నిమిషం, మందపాటి పెన్నుతో. సన్నని పెన్ను పట్టుకుంటే చేయి వివరాల్లోకి వెళ్ళిపోతుంది. మొదటి గడిలో ఆ మొదటిరోజు ఐడియానే గీసేస్తాను, బుర్రలోంచి దింపేస్తే అది ఇక గొడవ చేయదు. రెండు, మూడు, నాలుగు గళ్ళు దాని చుట్టాలే. ఐదో గడి దగ్గర ఇంకేమీ రాదు. అక్కడ చిరాకు వస్తుంది, ఫోన్ తీయాలనిపిస్తుంది. మీరు చిక్కుకుపోతున్నానన్న చోటు ఇదేనని నా అనుమానం. అక్కడే ఇంకాస్త కూర్చోవాలి. నేనప్పుడు ఒక షరతు మారుస్తాను: తెర అసలు లేకపోతే? చదవడం రాని మనిషైతే? ఒక్క అంకె మాత్రమే చూపించే వీలుంటే? చెడ్డ ఐడియాలే కావాలంటే? ఆ రిపోర్టు పనిలో 'తెర లేకపోతే' అన్న గడిలోనే ఒంటి కాగితం బొమ్మ వచ్చింది. ఒకే పేజీ, ఎడమవైపు పరీక్ష పేరు, పక్కన గత మూడుసార్ల విలువలు, ఈసారిది బోల్డ్‌లో. యాప్ దాన్ని తయారుచేసి ఇస్తుంది, అంతే.

అందరూ కలిసి కూర్చుని ఐడియాలు చెప్పుకునే మీటింగుల గురించి ఒక మాట. 1958లో యేల్ యూనివర్సిటీలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు పోల్చి చూశారు: నలుగురు కలిసి ఆలోచిస్తే వచ్చిన ఐడియాల కంటే, నలుగురూ విడివిడిగా ఆలోచించినవి కలిపితే చాలా ఎక్కువ వచ్చాయి. మీటింగులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, ఆగేలోపు తమది మర్చిపోతారు, పైగా గట్టిగా మాట్లాడేవాడి ఐడియా చుట్టూ అందరూ చేరతారు. కాబట్టి ముందు విడివిడిగా గీయండి, తర్వాత గోడకు అంటించి కలిసి చూడండి. మా టీమ్‌లో అంటించేటప్పుడు పేర్లు రాయం. ఎవరిదో తెలిస్తే బొమ్మ సంగతి వదిలేసి మనిషిని చూస్తాం.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒక బొమ్మ తీసుకెళ్ళి 'ఎలా ఉంది?' అని అడగకండి. మూడు తీసుకెళ్ళండి. స్టాన్‌ఫర్డ్‌లో స్టీవెన్ డౌ బృందం 2010లో వెబ్ ప్రకటనలు చేయించి చూసింది. ఒక్కోటి చేసి ఒక్కోదానికి ఫీడ్‌బ్యాక్ తీసుకున్నవాళ్ళ కంటే, కొన్ని కలిపి చేసి ఒకేసారి ఫీడ్‌బ్యాక్ తీసుకున్నవాళ్ళ ప్రకటనలు బాగా నడిచాయి, ఒకదానికొకటి ఎక్కువ భిన్నంగా కూడా ఉన్నాయి. అనుభవంతో చెప్పాలంటే కారణం చాలా మామూలుది: ఒక్కటే ఉంటే విమర్శ మన మీదికి వస్తుంది, మూడుంటే బొమ్మల మీదికి వెళ్తుంది. చూసేవాళ్ళకు కూడా నోరు తెరవడం తేలిక. ఒక్కదాన్ని చూపిస్తే మొహమాటానికి 'బాగుంది' అంటారు, మూడు చూపిస్తే 'దీనికన్నా అది' అంటారు, వెంటనే 'ఎందుకు' అని అడగొచ్చు.

ఏమీ తోచనప్పుడు నడవమని, స్నానం చేయమని సలహాలిస్తారు. గ్రాహం వాలస్ 1926లోనే సృజన గురించి రాస్తూ, సిద్ధపడటం తర్వాత పక్కన పెట్టి నానబెట్టడం కూడా ఒక దశే అన్నాడు. నా అనుభవంలో అది నిజం, కానీ నానబెట్టడానికి ముందు గిన్నెలో ఏదో ఒకటి వేయాలి. ఎనిమిది గళ్ళూ గీసి అలసిపోయి నడిస్తే ఏదో తడుతుంది. గీయకుండా నడిస్తే అది ఉత్త నడకే.

ప్రోటోటైప్ దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, దాన్ని అసలు వస్తువుకు చిన్న తమ్ముడు అనుకోవడం. ప్రోటోటైప్ అంటే అడగాల్సిన ఒక ప్రశ్న. ఏ ప్రశ్నో తేల్చుకున్నాక, దానికి జవాబు తెచ్చే అతి చవకైన వస్తువు చేయాలి. 1990లలో పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్ తయారవుతున్నప్పుడు దాన్ని రూపొందిస్తున్న జెఫ్ హాకిన్స్ ఆ కొలతలో ఒక చెక్కముక్క కోయించుకుని జేబులో వేసుకుని తిరిగాడు. మీటింగులో ఎవరైనా తేదీ అడిగితే ఆ చెక్క తీసి, పుల్లతో దాని మీద రాస్తున్నట్టు నటించేవాడు. లోపల సర్క్యూట్ లేదు, తెర లేదు. 'ఇది జేబులో పడుతుందా, నేను దీన్ని రోజుకు ఎన్నిసార్లు తీస్తాను, దేనికోసం తీస్తాను' అన్న ప్రశ్నలకు చెక్కముక్క చాలు. 1980లలో ఐబీఎమ్ వాళ్ళు మాట వింటే టైపు చేసే యంత్రం జనానికి ఉపయోగపడుతుందా అని తెలుసుకోవాలనుకున్నప్పుడు, ఆ యంత్రం ఇంకా లేదు. పక్క గదిలో ఒక టైపిస్టును కూర్చోబెట్టారు. వాడినవాళ్ళకు మాత్రం తెర మీద అక్షరాలు కనిపించాయి.

మా కాగితం పని కూడా అలాగే మొదలైంది. ఒక్క లైను కోడ్ లేదు. ఐదుగురు ఒప్పుకుని ఇచ్చిన పాత రిపోర్టులు తీసుకుని, పేర్లు తీసేసి, ఎక్సెల్‌లో నేనే చేత్తో పేజీ తయారుచేసి ప్రింట్ తీశాను. డాక్టర్ల ముందు పెట్టి ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. ఏమీ చెప్పకపోవడం చాలా కష్టం, నోరు దురద పెడుతుంది. కానీ మీరు వివరిస్తే వాళ్ళు మీ వివరణను మెచ్చుకుంటారు, కాగితాన్ని కాదు.

మొదటి వెర్షన్‌లో నాకు చాలా ఇష్టమైన గ్రాఫులు ఉన్నాయి. డాక్టర్లు వాటిని దాటుకుంటూ వెళ్ళి అంకెలే వెతికారు. గ్రాఫులు పోయాయి. సాధారణ పరిధి దాటిన విలువను ఎరుపులో పెట్టాను. రెండు తప్పులు ఒకేసారి బయటపడ్డాయి. ఒకటి, పరిధి దాటి కాస్త పైకి వెళ్ళిన అంకెను ఎరుపులో చూసి మామూలు మనుషులు బెదిరిపోయారు, ఒకాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ తీయలేదు. రెండు, కౌంటర్ దగ్గర ప్రింటర్ నలుపు తెలుపుది. ఎరుపు అక్కడ బూడిదరంగై మిగతావాటికంటే పాలిపోయి కనపడింది. చెప్పాల్సిన అంకె దాక్కుంది. తెర మీద వారం రోజులు చూసినా ఇది నాకు తెలిసేది కాదు. రంగు తీసేసి అంకె పక్కన చిన్న బాణం గుర్తు పెట్టాం, పైకి ఒకటి, కిందికి ఒకటి.

తేదీల వరస ఇంకో గొడవ. కొత్తది ఎడమవైపు ఉండాలా కుడివైపా? నేను కొత్తది ఎడమవైపు పెట్టాను, ముఖ్యం కాబట్టి ముందు కనపడాలని. అందరూ ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తున్నట్టు చదివారు, తగ్గిన షుగర్ పెరిగినట్టు అర్థం చేసుకున్నారు. ఇది నవ్వుకునే తప్పు కాదు. వెంటనే మార్చాం. ఆ తర్వాత ఒక డాక్టర్ ఇంకో గొయ్యి చూపించారు: సాధారణ పరిధి అన్ని ల్యాబులకూ ఒకటి కాదు, పరీక్ష చేసే పద్ధతిని బట్టీ వయసును బట్టీ మారుతుంది. పాత విలువ వేరే పద్ధతిలో చేసిందైతే దాన్ని పక్కన పెట్టి పోల్చడమే తప్పుదారి పట్టిస్తుంది. అంటే నేను తేల్చుకున్నాననుకున్న సమస్య మళ్ళీ తెరుచుకుంది, నాలుగో దశ నుంచి రెండో దశకు వెళ్ళాం. మీ ఐదు దశల బొమ్మలో ఈ వెనకబాణం సన్నగా, చుక్కల గీతతో ఉంటుంది. నిజంలో అదే జాతీయ రహదారి.

ఎంతమందితో పరీక్షించాలి అని కూడా అడుగుతుంటారు. ఇలాంటి పరీక్షల్లో నిపుణుడైన యాకబ్ నీల్సన్ ఐదుగురు చాలన్నాడు, ఆ మాట బాగా ప్రచారంలో ఉంది. నీల్సన్, లాండవర్ 1993లో వేసిన లెక్కే దానికి ఆధారం: మొదటి కొద్దిమందిలోనే చాలా లోపాలు బయటపడతాయి, ఆ తర్వాత అవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. కానీ ఆ ఐదుగురూ ఒకే రకం వాడుకదారులు అయితేనే. మాకు డాక్టర్లు వేరు, రోగులు వేరు, ప్రింట్ తీసే కౌంటర్ వాళ్ళు వేరు. పైగా ఐదుగురితో ఒకసారి చేసి, దిద్ది, మళ్ళీ ఇంకో ఐదుగురితో చేయడంలోనే లాభమంతా. 'ఐదుగురు ఒప్పుకున్నారు' అని చెప్పుకోవడానికి అది ఓటింగ్ కాదు.

జేమ్స్ డైసన్ తన వాక్యూమ్ క్లీనర్‌కి 5,127 ప్రోటోటైపులు చేశాడని స్ఫూర్తి కోసం చెప్తుంటారు. అది విని మీరు 5,127 ఐడియాలు కావాలేమో అనుకోకండి. ఆయనకు ఐడియా ఒకటే, గాలిని సుడి తిప్పి దుమ్మును వేరుచేయడం. మిగతావన్నీ ఒక్కసారికి ఒక్కటే మార్చి ఏమవుతుందో చూడటం. ఐడియాల దశలో వెడల్పు కావాలి, దిద్దుకునే దశలో ఓపిక కావాలి. ఈ రెండింటినీ కలిపేసి, దిద్దుకోవాల్సిన చోట కొత్త ఐడియాలు తెచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. గడువు దగ్గరకొచ్చేకొద్దీ వాళ్ళకు ఐడియాలు ఎక్కువవుతాయి, ఎందుకో మరి.

క్లయింట్ ఫీడ్‌బ్యాక్ గురించి మీరు అడగలేదు గానీ, అది కూడా ప్రాసెస్‌లో భాగమే. ఒంటి పేజీ చూసి అక్కడి మేనేజర్ "కింద ఖాళీగా ఉంది, మన ప్యాకేజీల ప్రకటన పెట్టండి" అన్నారు. మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత అడిగితే తెలిసింది, ఇంకో కాగితం ఖర్చు ఎందుకని పైవాళ్ళు అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పిన పరిష్కారం తప్పు, ఆయన బాధ నిజం. ప్రకటన బదులు డాక్టర్ రాసేందుకు 'మళ్ళీ పరీక్ష ఎప్పుడు' అని ఒక గీత పెట్టాం. రోగికి అది కావాలి, సెంటర్‌కీ ఆ మనిషి మళ్ళీ వస్తాడు. ఎవరైనా పరిష్కారం రూపంలో ఫీడ్‌బ్యాక్ ఇస్తే దాని వెనక ఉన్న బాధను అడగండి. వాళ్ళు చెప్పినట్టు చేయకపోయినా ఆ బాధకు మాత్రం జవాబు ఇచ్చి తీరాలి.

డెవలపర్‌కి అప్పగించే ముందు చేసే పనిలో ఆకర్షణ ఏమీ లేదు, అందుకే ఎవరూ నేర్పరు. మొదటిసారి వచ్చిన మనిషికి పాత విలువలే ఉండవు, ఆ మూడు గళ్ళూ ఏమవుతాయి? ఫలితం అంకె కాకుండా 'నెగటివ్' అనే మాటైతే? పరీక్ష పేరు రెండు లైన్లకు పోతే? నలభై పరీక్షలుంటే ఒక పేజీ చాలుతుందా? పైన గుణింతపు గుర్తులూ కింద వత్తులూ ఉండే లిపిలో అచ్చువేస్తే ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ల ఎడం సరిపోదు. ఇవన్నీ నిజమైన డేటాతో గీస్తేనే కనిపిస్తాయి. చక్కగా సరిపోయే ఉత్తుత్తి పేర్లతో గీసిన డిజైన్ అద్దం ముందు మనిషి లాంటిది, ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

ఎక్కడ ఆపాలి అన్నది మీ చివరి ప్రశ్న. హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త ఒక మాట చెప్పాడు, అన్నిటికంటే ఉత్తమమైనది వెతకడం మనుషుల వల్ల కాదు, 'సరిపోయేంత మంచిది' దొరికితే ఆగుతాం అని. చిక్కేమిటంటే సరిపోయేంత అంటే ఎంతో పని మొదలయ్యాక నిర్ణయించుకుంటే, అలసట నిర్ణయిస్తుంది. నేను దాన్ని సమస్య వాక్యం పక్కనే ముందుగా రాసుకుంటాను. ఆ పనికి రాసుకున్నది: 'డాక్టర్ నన్ను ఏమీ అడగకుండా, ముప్పై సెకన్లలో మారిన విలువలు చెప్పగలగాలి.' ఐదో వెర్షన్ దగ్గర నలుగురు డాక్టర్లు చెప్పగలిగారు, ఆపేశాం. ఫాంట్ నాకు అప్పటికీ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

ఆర్నెల్ల తర్వాత ఆ కౌంటర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఊరికే చూద్దామని. జనం ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంటున్నారు. అడ్డం మడత సరిగ్గా షుగర్ అంకెల వరస మీదుగా పోతోంది, రెండు మూడుసార్లు తెరిచి మూసేసరికి అక్కడ సిరా చెరిగి అంకెలు కనపడటం లేదు. ఆ వరసను కాస్త పైకి జరిపి ఆరో వెర్షన్ పంపాను.